రేపల్లె ప్యాసింజర్, జనరల్

మొన్న శనివారం మధ్యాహ్నం ఓక్‌విల్‌లో ఆఫీసు మిత్రుడి కూతురి పుట్టినరోజుకి వెళ్లాను. వాళ్ల ఇంటి ముందంతా కార్లే. తిరిగి తిరిగి, రెండు వీధులవతల ఎవరి ఇంటి ముందో కాస్త జాగా దొరికితే ఆపాను. దిగే ముందు మిత్రుడి ఇంటి నంబరు మరోసారి చూసుకుందామని ఫోన్ తీస్తే, పైమూలన వైఫై గుర్తు కనిపించింది. ఆ వీధిలో నాకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. ఎవరి నెట్ పట్టుకుందిరా ఇది అని నొక్కి చూశాను. పేరు కనిపించింది: రేపల్లె ప్యాసింజర్, జనరల్.

కారు దిగలేదు. చేతిలో కానుక సంచీ అలాగే పట్టుకుని కూర్చుండిపోయాను.

ఆ పేరు పెట్టే మనిషి ఒక్కడే ఉంటాడు. మూడేళ్ల కిందట గ్వెల్ఫ్‌లో ఒక బేస్‌మెంట్‌లో ఆయనతో కలిసి నలుగురం ఉండేవాళ్లం. మాకందరికీ ఆయన అన్న. అసలు పేరు ఇక్కడ రాయను. మర్యాద కోసం కాదు. పేరు రాస్తే మనిషి దగ్గరైనట్టు ఉంటుంది, అది నాకు ఇష్టం లేదు.

అన్నది బక్కపలచని ఒళ్లు. చలికాలమంతా థర్మల్ ప్యాంటు మీద లుంగీ కట్టేవాడు. "లోపలిది కెనడా, పైది మనది" అనేవాడు. తల మీది ఉన్ని టోపీ పొయ్యి దగ్గర కూడా తీసేవాడు కాదు. ఏం చెప్పినా రైల్వేస్టేషన్ మైకులా గొంతు మార్చి "దయచేసి వినండి" అని మొదలుపెట్టేవాడు. దయచేసి వినండి, పప్పు మాడింది. దయచేసి వినండి, స్నానాల గదిలో పలాస ఇరవై నిమిషాలుగా ఉన్నాడు. పలాస అంటే మాతో ఉండే ఆ ఊరి కుర్రాడు. ఆయన చదువు మాకంటే ముందే అయిపోయింది. ఇంటి ఓనర్ గారికి వాన్ అనే ఊళ్లో ఒక గోదాము ఉంటే, వర్క్ పర్మిట్ మీద అందులో సూపర్‌వైజర్‌గా చేసేవాడు. బేస్‌మెంట్ లీజు ఆయన పేరు మీదే. ఇంటర్నెట్ ఆయన పేరు మీదే. రౌటర్ ఆయన సొంతానికి కొనుక్కున్నదే. దసరాకి దానికి కుంకుమబొట్టు పెట్టి, ముందొక నిమ్మకాయ కోసి దండం పెట్టేవాడు. మేం నవ్వితే, "మీ అందరి క్లాసులూ, మీ అమ్మల మొహాలూ దీనిలోంచే కదరా వచ్చేది" అనేవాడు.

ఆ రోజుల్లో దిగిన ప్రతి విమానంలోనూ మన పిల్లలే. కాలేజీలో సీటు దొరకడం తేలిక, బేస్‌మెంట్‌లో మంచం దొరకడం కష్టం. మంచం దొరికినా ఆ ఇంట్లో నెట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే రాజు. మా రాజు మాత్రం పద్ధతి గల రాజు. ఒకే రౌటర్ మీద రెండు నెట్‌వర్క్‌లు పెట్టాడు. ఒకటి రేపల్లె ప్యాసింజర్, ఏసీ. అందులో ఆయన ఫోనూ, ఆయన లాప్‌టాపూ తప్ప ఇంకేవీ ఉండవు. రెండోది జనరల్. మేమంతా అందులో.

"మాకేం తక్కువన్నా, జనరల్‌ల తోసినవ్?" అని నేనొకసారి అడిగాను.

"తక్కువ కాదురా. స్నేహితుడికి నెట్ ఇవ్వచ్చు. కానీ వాడి ఫోన్‌లో ఏ పురుగు ఉందో వాడికే తెలియదు. జనరల్లో ఎక్కినోడు ఊరికి పోతాడు, ఏసీలోకి మాత్రం రాలేడు. మధ్యలో షట్టర్ ఉంది. అతిథికి అన్నం పెట్టాలి, బీరువా తాళాలు ఇవ్వకూడదు."

ఆయన నోట ఎక్కడం, దిగడం తప్ప ఇంకో మాట లేదు. ఫోన్ కనెక్ట్ అయితే ఎక్కినట్టు, తెగిపోతే దిగినట్టు. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పేవాడు కాదు, రాసి ఇచ్చేవాడు కాదు, వాట్సాప్‌లో పంపడమైతే పాపం కింద లెక్క. "ఇలా ఇవ్వు" అని మన ఫోన్ తీసుకుని, గోడవైపు తిరిగి, ఎడమచేతి బొటనవేలు గడ్డానికి ఆనించుకుని, కుడిచేత్తో తనే కొట్టేవాడు. ఇంట్లోంచి ఎవరు ఖాళీ చేసినా అదే రోజు పాస్‌వర్డ్ మారేది. అప్పుడు మేమంతా రేషన్‌షాపు దగ్గర నిలబడినట్టు ఫోన్లు పట్టుకుని వరుసలో నిలబడేవాళ్లం.

ఈ చాదస్తం ఊరికే రాలేదని కదిరి చెప్పాడు. కదిరి అంటే ఆ ఊరివాడే, నా పక్కమంచం. నేను రాకముందు పలాస అమాయకంగా పాస్‌వర్డ్ ఒక దోస్తుకి పంపాడట. ఆ దోస్తు ఇంకో ఇద్దరికి. వారం తిరిగేసరికి పక్కింటి బేస్‌మెంట్ మొత్తం మా నెట్ మీదే ఉంది. వాళ్లలో ఎవడో దొంగ కాపీ సినిమాలు దించాడు. నోటీసు అన్న పేరు మీద వచ్చింది. "ఆ పొద్దు అన్న అన్నం తినల్యాప్పా. పీఆర్ ఫైల్‌కి ఏమన్నా అయితాదేమోనని ఒకటే భయం" అన్నాడు కదిరి. నిజానికి ఆ నోటీసుకీ పీఆర్‌కీ సంబంధమేమీ లేదు. కానీ ఇక్కడ స్థిరపడే కాగితం చేతికి రానివాడికి ప్రతి కవరూ భయమే. ఆ భయం నాకూ తెలుసు.

అప్పటి నుంచే ఆయన ఫోన్లకి పేర్లు పెట్టడం మొదలుపెట్టాడు. రౌటర్ యాప్‌లో ఏ ఫోన్ ఎక్కినా కనపడుతుంది, మనం దానికి పేరు పెట్టుకోవచ్చు. అది మామూలుగా పెడితే అన్న ఎందుకవుతాడు? బారసాల చేసేవాడు. నేను జనవరి చలిలో రెండు సూట్‌కేసులతో దిగిన రోజు, ఇంకా బూట్లయినా విప్పకముందే నా ఫోన్ తీసుకుని పాస్‌వర్డ్ కొట్టి, దాన్ని చెవి దగ్గర పిల్లాణ్ని పట్టుకున్నట్టు పట్టుకుని మూడుసార్లు "జగిత్యాల, జగిత్యాల, జగిత్యాల" అన్నాడు. తర్వాత చెంచాడు చక్కెర తెచ్చి నా నోట్లో పోశాడు.

"మనుషుల పేర్లు నాకు గుర్తుండవురా. ఊళ్లయితే గుర్తుంటాయి. ఇక నుంచి నువ్వు జగిత్యాల."

ఇరవై రెండు గంటల ప్రయాణం తర్వాత, ఈ దేశంలో నా నోట్లో పడ్డ మొదటి తిండి అది. చెప్పడానికి సిగ్గేమీ లేదు, నాకు ఏడుపొచ్చింది.

ఇంట్లో ఉన్నంతసేపూ ఆయన ఆ జాబితాని వేరేవాళ్లు క్రికెట్ స్కోరు చూసుకున్నట్టు చూసుకునేవాడు. ఉల్లిపాయలు కోస్తూ ఫోన్‌కేసి ఓ చూపు వేసి "కదిరి ఎక్కింది" అనేవాడు. అంటే కదిరి ఇంటి దగ్గరికి వచ్చాడని. అర నిమిషంలో మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించేది. అప్పుడు పొయ్యి మీది టీగిన్నెలో ఇంకో గ్లాసు నీళ్లు పోసేవాడు.

ఆ ఫిబ్రవరిలో ఒక సాయంత్రం మంచుతుఫాను వచ్చింది. కాలేజీ నుంచి బస్సు సగం దారిలో ఆగిపోయింది. డ్రైవర్ అందరినీ దింపేశాడు. నా ఫోన్ చలికి చచ్చిపోయింది. కొత్తగా వచ్చినవాణ్ని, దారి సరిగ్గా తెలియదు, మంచులో వీధులన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. ఒక బస్టాపు షెడ్డులో నిలబడి, వచ్చే బస్సు కోసం ఎదురుచూస్తూ వేళ్లు నోట్లో పెట్టుకుని వేడి చేసుకుంటున్నాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మంచులోంచి ఒక లుంగీ నడుచుకుంటూ వచ్చింది. ప్యాంటు మీద లుంగీ, దాని మీద కోటు, ఆ మీద టోపీ. ప్రతి బస్టాపు దగ్గరా ఆగి అటూ ఇటూ చూసుకుంటూ వస్తున్నాడు.

"ఆరింటికల్లా ఎక్కేవాడివి. ఏడైనా జగిత్యాల ఎక్కలేదు" అన్నాడు, అంతే. తన చేతితొడుగులు తీసి నాకు వేశాడు. దారి పొడుగునా తన చేతులు లుంగీ మడతల్లో దాచుకుని నడిచాడు. ఇంటికి రాగానే నా ఫోన్ చార్జింగ్‌కి పెట్టి, అది వెలిగి జాబితాలోకి ఎక్కేదాకా చూసి, అప్పుడు అన్నం వడ్డించాడు.

ఈ సంగతి వదిలేసి రాయగలిగితే నాకెంత తేలికయ్యేదో. తిట్టుకోవడానికి అడ్డం లేని మనిషిని తిట్టుకోవడం సుఖం.

ఇక మెట్‌పల్లి సంగతి. కరీంనగర్‌లో డిగ్రీ చదివిన మూడేళ్లూ ఒకే గదిలో ఉన్నాం, నేనూ వాడూ. కెనడాకి నా కంటే ఎనిమిది నెలలు ఆలస్యంగా వచ్చాడు. మొదట ఉన్న ఇల్లు డిసెంబరులో అమ్ముడైపోతే రోడ్డు మీద పడ్డాడు. క్లాసులు జనవరి మొదటివారంలో మొదలు. ఎక్కడా గది లేదు. నేను అన్నని అడిగాను. ఓనర్ గారు నలుగురికే ఇచ్చారు, అయిదో మనిషి ఉండకూడదు. అది నాకూ తెలుసు.

"అన్నా, ఒక నెల. నా మంచం కింద పండుకుంటడు. గది దొరకంగనే పోతడు."

అన్న కాసేపు టోపీ సర్దుకున్నాడు. "సరే. రమ్మను. ముందు ఫోన్ ఇవ్వమను."

మెట్‌పల్లి వచ్చాడు. అన్న చెయ్యి చాచాడు. వాడు ఫోన్ ఇవ్వలేదు. నన్ను పక్కకి పిలిచి మెల్లగా అన్నాడు, "వద్దురా. నా సిమ్‌ల డేటా ఉంది, లైబ్రరీల వైఫై ఉంది. నేను ఈడ ఉండుడే దొంగతనంగ. లిస్టుల నా పేరెందుకు?"

"అన్న మనోడురా. పేరు పెట్టిచ్చుకోకుంటే బాధపడతడు. ఇయ్యి" అన్నాను నేను.

ఆ మాట అన్నది నేనే. వాడి చేతిలోంచి ఫోన్ తీసి అన్న చేతిలో పెట్టింది కూడా నేనే. అన్న గోడవైపు తిరిగి పాస్‌వర్డ్ కొట్టాడు. మూడుసార్లు "మెట్‌పల్లి" అన్నాడు. చక్కెర పోశాడు. వాడు నవ్వాడు. ఆ రాత్రి అయిదుగురం కలిసి తిన్నాం. వాడు వచ్చిన రెండు వారాలకి అన్న నాకు గోదాములో షిఫ్టు ఇప్పించాడు. వారానికి మూడు రోజులు, డబ్బాల మీద చీటీలు అతికించే పని. నా కష్టాలన్నీ తీరిపోయినట్టే అనుకున్నాను.

సరిగ్గా మరుసటి ఆదివారం పొద్దున ఓనర్ గారు కిందికి వచ్చారు. పెద్దమనిషి, రిటైరైన ఇంజనీరు, గట్టిగా మాట్లాడి ఎరగరు. బూట్లు గుమ్మం దగ్గరే విప్పి, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, కోటు జేబులోంచి మడిచిన కాగితం తీశారు. అన్న పొయ్యి దగ్గర ఉప్మా కలుపుతున్నాడు.

"మీరంతా మంచి కుర్రాళ్లే. మీ మీద నాకే కంప్లయింటూ లేదు" అన్నారు ఓనర్ గారు. "కానీ నలుగురికే ఇచ్చాను. సిటీ వాళ్లకి తెలిస్తే ఫైన్ నాకు పడుతుంది. ఇందులో అయిదో ఫోన్ ఉంది. ఇరవై రెండు రోజుల నుంచి రోజూ ఇక్కడే పడుకుంటోంది. మెట్‌పల్లి అంటే ఎవరమ్మా?"

కాగితం టేబుల్ మీద విప్పారు. ఎక్సెల్‌లో చేసి ప్రింట్ తీసిన పట్టిక. ఎడమవైపు ఊళ్ల పేర్లు. పైన రెండు గళ్ల మీద తెలుగులో ఉంది: ఎక్కింది, దిగింది. ప్రతి ఊరికీ ఎదురుగా తేదీలూ టైములూ.

ఆ పేర్లు ఆ ఇల్లు దాటి ఎక్కడా లేవు. ఆ రెండు మాటలు ఒక్కడి నోట్లోవే. నేను అన్న వీపుకేసి చూశాను. గరిట తిరుగుతూనే ఉంది. ఉప్మా ఎప్పుడో అయిపోయింది, అయినా కలుపుతూనే ఉన్నాడు.

"నేనేనండి" అన్నాడు మెట్‌పల్లి.

"సాయంత్రానికల్లా చూసుకో నాన్నా. ఏమీ అనుకోకు" అన్నారు ఓనర్ గారు. బూట్లు వేసుకుని వెళ్లిపోయారు.

వాడు సూట్‌కేసు సర్దుకోవడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. అసలు పూర్తిగా విప్పుకోనే లేదు. నేను వెనకాలే బయటికి పరుగెత్తాను. మంచు పడుతోంది. సూట్‌కేసు చక్రాలు మంచులో కదలడం లేదు, ఎత్తి పట్టుకున్నాడు. నేను చెయ్యి వేయబోతే నెట్టేశాడు.

"నాకు తెల్వదురా. ఒట్టు. ఆయన ఇట్ల చేస్తడని నాకు తెల్వదు."

"ఫోన్ నేను ఇయ్యనంటి. నువ్వే ఇప్పిచ్చినవ్" అన్నాడు వాడు. గొంతు పెంచలేదు. "మొన్ననే నీకు షిఫ్టు దొరికె. ఇయ్యాల నాకు ఇల్లు పోయె. ఇంకేం తెల్వాలెరా నాకు?"

వారం రోజులు గురుద్వారాలో పడుకున్నాడని తర్వాత కదిరి చెప్పాడు. ఆ తర్వాత ఎక్కడో ఉత్తరాన, బంధువుల బంధువుల దగ్గర చోటు దొరికితే వెళ్లిపోయాడు. కాలేజీకి రాలేకపోయాడు. ఆ సెమిస్టర్ పోయింది. నా నంబరు బ్లాక్ చేశాడు.

నేను మంచులోంచి లోపలికి వచ్చేసరికి అన్న ఉప్మా నాలుగు పళ్లేల్లో పెట్టి ఉంచాడు. నాలుగే.

"ఎందుకన్నా?"

బుకాయించలేదు. అదీ కోపమే నాకు. బుకాయిస్తే బాగుండేది.

"ఏప్రిల్‌లో నా పర్మిట్ అయిపోతుందిరా. పీఆర్ ఫైల్‌కి కంపెనీ ఎక్స్‌పీరియన్స్ లెటర్ కావాలి. సంతకం పెట్టాల్సింది ఆయన. నెలనెలా లిస్టు అడుగుతాడు. ఇస్తాను."

"ఎప్పటిసంది?"

"మొదటి నుంచి."

"నేను వచ్చినప్పటిసందా?"

"నువ్వు రాకముందు నుంచి."

కుర్చీలో కూర్చున్నాను. ఇరవై రెండు గంటల ప్రయాణం, చెంచాడు చక్కెర, చెవిలో ఊరి పేరు. నన్ను ఇంట్లో కలుపుకున్నాడనుకుని ఏడ్చాను. ఆయన నన్ను లెక్కలో కలుపుకున్నాడు. మంచులో నా కోసం వచ్చిన రాత్రి కూడా అదే జాబితా చూసి వచ్చాడు, అదే జాబితా నెలాఖరుకి పైకి పంపాడు.

"మరి మావోని ఫోన్‌కు పేరెందుకు పెట్టినవ్? పెట్టకుంటే అయిపోతుండె గద."

"పెట్టకపోయినా కనపడుద్దిరా. ఏదో నంబరుగా కనపడుద్ది. ఊరి పేరు ఉంటే, మనిషే కదా అని ఆయన కాస్త చూసీచూడనట్టు పోతాడేమో అనుకున్నాను."

"ఆ పట్టిక టైపు చేసింది నువ్వే గద అన్నా. ఒక్క వరుస కొట్టేస్తే పోతుండె."

టోపీ తీసి చేతుల్లో పట్టుకున్నాడు. ఇంట్లో ఆయన టోపీ తీయగా చూడటం అదే మొదలు.

కదిరి మంచం మీద నుంచే అన్నాడు, "కంచే చేను మేస్తే ఇంగేముందిలే అప్పా." ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరం ఎవరితోనూ పెద్దగా మాట్లాడుకోలేదు. పలాస ఇయర్‌ఫోన్లు పెట్టుకునే అన్నం తినేవాడు. ఫోన్లలో వైఫై ఆపేసుకుని, సిమ్ డేటా మీద బతకడం మొదలుపెట్టాం. అన్న ఉల్లిపాయలు కోస్తూ ఫోన్ చూసుకునేవాడు. చూసి పక్కన పెట్టేవాడు. ఎవరూ ఎక్కేవాళ్లు కాదు.

కదిరి ఫోన్ నుంచి మెట్‌పల్లితో ఒకసారి మాట్లాడాను. అంతా విన్నాడు. చివర ఒక్క మాట అన్నాడు. "నీకు తెల్వదని ఆయన నోటితోని చెప్పమను. అప్పుడు నమ్ముత. నీ మాట నాకొద్దు."

ఇంతే వాడు అడిగింది. ఒక్క ఫోన్ కాల్. అన్నతో చెప్పాను. "చెప్తానురా. లెటర్ మీద సంతకం పడనీ" అన్నాడు. మార్చిలో సంతకం పడింది. "ఫైల్ వెయ్యనీ" అన్నాడు. ఫైల్ వేశాడు. "ఇప్పుడు గొడవయితే ఓనర్ గారు వెరిఫికేషన్‌లో ఏమన్నా అంటాడేమో, పీఆర్ రానీ" అన్నాడు. నేను మేలో ఖాళీ చేశాను. తర్వాతి చలికాలం ఆయన పీఆర్ కార్డు ఫొటో మా వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అందరూ అభినందనలు పెడితే నేను విడిగా ఒక ముక్క పంపాను: వానికి చెప్పినవా? దండం పెట్టే చేతుల బొమ్మ ఒకటి వచ్చింది, కింద "చెప్తాను తమ్ముడూ" అని.

నా సంగతి కూడా చెప్పాలి. మే దాకా ఆ ఇంట్లోనే ఉన్నాను. ఆ షిఫ్టు మానలేదు. మానితే ఫీజు కట్టలేను. మెట్‌పల్లి నన్ను నమ్మకపోవడంలో వాడి తప్పెంతో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇవన్నీ కారులో కూర్చుని ఉండగా ఎంతసేపట్లో తిరిగాయో కానీ, ఎదురుగా ఇంటి తలుపు తెరుచుకుంది. ఫోన్ చేతిలో పట్టుకుని అన్న బయటికి వచ్చాడు. టోపీ లేదు, జుట్టు పలచబడింది. లుంగీ ఉంది. వీధి అటూ ఇటూ చూశాడు, ఆ రోజు బస్టాపుల్లో చూసినట్టే. నా కారు కనిపించింది. కిటికీ దగ్గరికి వచ్చాడు. అద్దం దించాను.

"జగిత్యాల ఎక్కిందని చూపించిందిరా. యాప్ పాడైందనుకున్నాను."

"పార్కింగ్ దొరకక ఆపిన. నీ ఇల్లని తెల్వదు."

"తెలిస్తే ఆపేవాడివి కాదులే" అన్నాడు. ఫోన్ నావైపు తిప్పాడు. అదే జాబితా. పైన నా ఊరు ఆకుపచ్చగా వెలుగుతోంది. కింద మూడు ఊళ్లు బూడిదరంగులో ఉన్నాయి. కదిరి, పలాస, మెట్‌పల్లి. "రౌటర్ అదే. ఎవరి పేరూ తీయలేదు. మెట్‌పల్లి దిగిన రోజు నుంచి పాస్‌వర్డ్ కూడా మార్చబుద్ధి కాలేదు."

ఒక్కడు దిగితేనే అదే రోజు పాస్‌వర్డ్ మార్చే మనిషి. మూడేళ్లుగా తన తాళం అలాగే వదిలేశాడు. నా ఫోన్ పాతబడింది మార్చమని మా ఆవిడ ఏడాదిగా పోరుతోంది, నేనూ మార్చలేదు. ఇంకొక్క నిమిషం అలాగే ఉంటే కారు దిగి లోపలికి వెళ్లేవాణ్నే.

"వానికి చెప్పినవా అన్నా?"

ఎవరికి అని అడగలేదు.

"చెప్పాలిరా."

"ఇప్పుడు చెప్పు. లెటర్ వచ్చె, కార్డు వచ్చె, ఇల్లు వచ్చె. ఇంకేం రావాలె?" కదిరి ఇచ్చిన కొత్త నంబరు నా ఫోన్‌లో తీసి ఆయన ముందు పెట్టాను. "నీ ఫోన్‌ల కొట్టు. నాది ఎత్తడు."

తీసుకున్నాడు. నిజంగానే కొట్టడం మొదలుపెట్టాడు. ఎడమచేతి బొటనవేలు గడ్డానికి ఆనించుకుని, ఒక్కో అంకే చూసుకుంటూ, పది అంకెలూ కొట్టాడు. ఆకుపచ్చ గుండ్రం మీద వేలు పెట్టడమే మిగిలింది. మూడేళ్ల నుంచి నేను కోరుకున్నది ఆ వేలికి అంగుళం దూరంలో ఉంది.

ఇంట్లోంచి ఆడగొంతు వినిపించింది. "ఎవరండీ?"

అన్న వెనక్కి తిరిగి ఇంటికేసి చూశాడు.

"ఎవరో లేవే. పార్కింగ్ కోసం ఆగారు."

తర్వాత నాకేసి చూడకుండా అన్నాడు, "ఇంట్లో ఈ సంగతులేవీ తెలియవురా. నంబరు ఉంది కదా, సోమవారం చేస్తాను. తప్పకుండా." నా ఫోన్ నా చేతికి ఇచ్చేశాడు. తన ఫోన్‌లోని అంకెలు ఒక్కొక్కటే చెరిగిపోవడం నాకు కనిపించింది.

అద్దం ఎత్తి కారు తీశాను. వీధి మలుపు దగ్గర అద్దంలో చూస్తే, ఆయన లోపలికి వెళ్లకుండా రోడ్డు పక్కనే నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. అప్పటికి నా ఊరు కూడా బూడిదరంగులోకి మారి ఉంటుంది, మెట్‌పల్లి పక్కన.